ఇంట్లో చేసిన డెమోకున్న ప్రాణం స్టూడియోలో ఎందుకు పోయింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పదేళ్లుగా బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తున్నారు. ఈమధ్య సొంతంగా ఏడు పాటలు కట్టుకుని, కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ల్యాప్‌టాప్ మీద డెమోలు చేసుకున్నారు. ఫ్లాట్‌లో డ్రమ్ కిట్ వాయిస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు కాబట్టి రిథమ్ అంతా సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామ్ చేశారు. తర్వాత డబ్బులు పోగేసుకుని స్టూడియోకి వెళ్లి మూడు పాటలు మొదటి నుంచి మళ్లీ రికార్డు చేశారు. సౌండ్ అద్దంలా వచ్చింది, పాట మాత్రం చచ్చిపోయింది. జెనెసిస్ అనే ఇంగ్లిష్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించి పాడిన ఫిల్ కాలిన్స్ తన మొదటి సోలో ఆల్బమ్‌లో ఇంటి డెమోలనే పెట్టాడని ఎవరో చెప్పారు. అది నిజమేనా, నిజమైతే మీరూ డెమోలే విడుదల చేసేయొచ్చా అని అడిగారు.

కాలిన్స్ సంగతి నిజమే. కాకపోతే మీకు చెప్పినవాళ్లు సగమే చెప్పారు. మీకు పనికొచ్చేది ఆ రెండో సగం.

నేను రికార్డింగ్ పనిలోకి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. టేపు రోజులు అయిపోతున్న సమయంలో చెన్నైలో అసిస్టెంటుగా చేరాను. పొద్దున్నే టేపు మెషీన్ హెడ్లని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం నా మొదటి ఉద్యోగం. తర్వాత హైదరాబాద్ వచ్చి సినిమా పాటలు, భక్తి పాటలు, ప్రకటనలు చేశాను. మధ్యమధ్యలో మీలాంటి బ్యాండ్ కుర్రాళ్లు వస్తుంటారు. సొంత ఆల్బమ్ చేస్తామని వచ్చిన డ్రమ్మర్లు ఇప్పటిదాకా ఆరుగురు తగిలారు నాకు. వాళ్లలో నలుగురు సరిగ్గా మీరు చేసిందే చేశారు.

ముందు కాలిన్స్ కథ చెప్తాను. 1979లో జెనెసిస్ బ్యాండ్ కాస్త విరామంలో ఉంది. మిగతా ఇద్దరు, అంటే కీబోర్డు వాయించే టోనీ బ్యాంక్స్, గిటార్ వాయించే మైక్ రూథర్‌ఫర్డ్, ఎవరి సోలో ఆల్బమ్‌లు వాళ్లు చేసుకుంటున్నారు. కాలిన్స్ సంసారం చెదిరిపోయింది. భార్యతో సర్దుబాటు చేసుకుందామని కెనడాలో వాంకూవర్ దాకా వెళ్లి, కుదరక, ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతంలో ఉన్న ఇంటికి ఒక్కడే తిరిగొచ్చాడు. చేతిలో పని లేదు, ఇంట్లో మనుషులు లేరు. ఒక గదిలో బ్రెనెల్ కంపెనీ ఎనిమిది ట్రాకుల (అంటే ఎనిమిది శబ్దాల్ని విడివిడిగా పట్టుకునే) టేపు మెషీన్, ప్రాఫెట్-5 సింథసైజర్, ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో, రోలాండ్ సీఆర్-78 రిథమ్ బాక్స్ పెట్టుకున్నాడు.

ఆ రిథమ్ బాక్స్ 1978లో వచ్చింది. ఇప్పటి చెవులకి బొమ్మలా ఉంటుంది. పెళ్లి ఆర్కెస్ట్రాలో డ్రమ్మర్ రాని రోజు కీబోర్డు అబ్బాయి ఒక స్విచ్ నొక్కి నడిపించేస్తాడు చూడండి, ఆ రకం. ప్రపంచంలో పేరున్న డ్రమ్మర్లలో ఒకడు, వాయించడానికి మనిషి అక్కర్లేని ఆ పెట్టెని ఆన్ చేసి దాని మీద పాటలు కట్టుకున్నాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

పద్ధతి చాలా మామూలు. రిథమ్ ఆన్ చేయడం, సింథ్ మీద రెండు మూడు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) పట్టుకుని ఉండడం, మైకు పెట్టుకుని నోటికొచ్చింది పాడడం. మన సంగీత దర్శకులు ట్యూన్ ఇచ్చేటప్పుడు తననాలు పాడతారు, లేకపోతే ఏదో డమ్మీ లిరిక్ వేసి పాడతారు, తర్వాత కవిగారు వచ్చి అసలు మాటలు రాస్తారు. కాలిన్స్ విషయంలో ఆ డమ్మీయే అసలైపోయింది. ‘ఇన్ ది ఎయిర్ టునైట్’లో మాటలు దాదాపు అన్నీ అలా పాడుతుండగా వచ్చినవేనని, కూర్చుని రాసినవి కావని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ పాటలో చెప్పిన సంఘటన ఏంటి, నీళ్లలో మునిగిపోతున్నది ఎవరు అని జనం నలభై ఏళ్లుగా కథలు అల్లుతూనే ఉన్నారు. కథేమీ లేదు, కోపంలో ఉన్న మనిషి మైకు ముందు కూర్చున్నాడు, అంతే.

ఇక స్టూడియో. లండన్‌లో టౌన్‌హౌస్ అనే స్టూడియో, ఇంజనీరు హ్యూ ప్యాడ్జమ్. వీళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే, డెమోలని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టలేదు. ఇంటి నుంచి తెచ్చిన ఎనిమిది ట్రాకుల టేపుని స్టూడియోలో ఉన్న 24 ట్రాకుల మెషీన్ మీదికి కాపీ చేసుకున్నారు. ఆ రిథమ్ బాక్సూ, ఆ కీబోర్డులూ అలాగే ఉంచి, మిగిలిన ఖాళీ ట్రాకుల్లో కొత్తవి వేసుకుంటూ పోయారు. డారిల్ స్టూర్మర్ గిటార్ వాయించాడు, ఎర్త్ విండ్ అండ్ ఫైర్ అనే అమెరికన్ బ్యాండ్ వాళ్ల హార్న్స్ (ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటి ఊదే వాయిద్యాల) బృందం వచ్చింది, ఎరిక్ క్లాప్టన్ కూడా కాసేపు వచ్చి వాయించి వెళ్లాడు. మన ఎల్. శంకర్ వయొలిన్ కూడా ఉంది అందులో. శక్తి బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల పక్కన వాయించిన శంకరే. మద్రాసు వయొలిన్ ఒక ఇంగ్లిష్ డ్రమ్మర్ ఇంటి డెమోల మీద వాలిందన్నమాట. 1981 ఫిబ్రవరిలో ‘ఫేస్ వాల్యూ’ పేరుతో ఆల్బమ్ వచ్చింది, బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది.

అంటే డెమో ఆల్బమ్‌లోకి వెళ్లిందన్న మాట నిజమే గానీ, డెమోయే ఆల్బమ్ కాలేదు. డెమో పునాదిగా ఉండిపోయింది, దాని మీద ఇల్లు కట్టారు. మీరు స్టూడియోలో ఇల్లు కట్టడానికి ఉన్న పునాదిని కూడా పెకలించేశారు.

ఇప్పుడు ఆ రిథమ్ బాక్స్ దగ్గరికి వద్దాం. ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ ఆల్బమ్ వెర్షన్ పెట్టి గడియారం చూస్తూ వినండి. దాదాపు మూడు నిమిషాల నలభై సెకన్ల దాకా అసలు డ్రమ్స్ రావు. చిన్న టిక్‌టిక్, పొగమంచులాంటి సింథ్, దూరంగా గొంతు, అంతే. ఆ తర్వాత ఒక్కసారి టామ్స్ (కిట్‌లో గుండ్రటి మోత ఇచ్చే డ్రమ్ములు) మీద దొర్లుకుంటూ కిట్ వచ్చి పడుతుంది. డ్రమ్స్ నేర్చుకునే ప్రతివాడూ గాల్లో చేతులు ఊపేది ఆ చోటే. ఆ దెబ్బ అంత పెద్దదిగా ఎందుకు వినిపిస్తుంది? సగం కారణం రికార్డింగ్ టెక్నిక్, దాని గురించి కింద చెప్తాను. మిగతా సగం, దానికి ముందున్న మూడున్నర నిమిషాల ఖాళీ. ఒక డ్రమ్మర్ డ్రమ్స్ లేకుండా పాట కట్టాడు కాబట్టి ఆ ఖాళీ పుట్టింది. కిట్ ముందు కూర్చుని ఉంటే, మనిషన్నవాడు అంతసేపు చేతులు కట్టుకుని ఉండలేడు.

నా అనుభవంలో డ్రమ్మర్ల సోలో డెమోల బలం ఇదే. ఇంట్లో కిట్ ఉండదు, ఉన్నా వాయించలేం. గతిలేక పాటని మిగతా వాటితో నిలబెడతాం. డ్రమ్స్ రావలసిన చోట్లు మనకి తెలియకుండానే పాటలో ఏర్పడతాయి. అదే మనిషి స్టూడియోకి రాగానే ఏం చేస్తాడు? “నేను డ్రమ్మర్ని కదా, ముందు డ్రమ్స్ కొట్టేస్తా, మిగతావి దాని మీద వేసుకుందాం” అంటాడు. మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా వాయిస్తాడు. మధ్యలో ఒక ఫిల్, అంటే అలంకారంగా వేసే చిన్న వాయింపు, లేకుండా నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) దాటవు. పైగా గంటకి డబ్బు కడుతున్నాం కదా, మంచి కిట్ ఉంది కదా అని ఉన్న టామ్స్ అన్నీ ముట్టుకుంటాడు.

మీరు ఇచ్చిన లింకుల్లో నాలుగో పాట రెండు వెర్షన్లూ విన్నాను, హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, కార్లో ఒకసారి. డెమోలో మొదటి చరణం మొత్తం ఒక షేకర్ లూప్ (గిలక శబ్దం మళ్లీ మళ్లీ తిరిగేది), గిటార్, మీ గొంతు. రెండో పల్లవి దగ్గర మీరు గట్టిగా ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది, వెంటనే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మొదలవుతుంది. నిజం చెప్పాలంటే ఆ ఊపిరి దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. స్టూడియో వెర్షన్‌లో హై-హ్యాట్ (కిట్‌లో జంట తాళాలు) మొదటి బార్ నుంచే ఉంది. ఊపిరి శబ్దం ఎడిటింగ్‌లో తీసేశారు. కిక్ అప్పటికి నిమిషంన్నరగా కొడుతూనే ఉంది కాబట్టి రెండో పల్లవికి కొత్తగా వచ్చేది ఏమీ లేదు. వాయింపులో తప్పులేదు, చాలా బాగా వాయించారు. కానీ పాటకి ఎదురుచూపు పోయింది.

గమ్మత్తేమిటంటే, కాలిన్స్‌కి కూడా ఈ ఒత్తిడి వచ్చింది. అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెత్ ఎర్తెగన్ ఆ పాట విని, ఇంతసేపు బీట్ లేకపోతే రేడియోలో వినేవాళ్లకి తాళం దొరకదని అన్నాడు. దాంతో సింగిల్‌గా విడుదల చేసిన వెర్షన్‌లో ముందు భాగంలో అదనంగా డ్రమ్స్ వేశారు. ఆల్బమ్‌లో మాత్రం ఖాళీ అలాగే ఉంచారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. నేను చెప్పేది నా మాటలకన్నా బాగా అర్థమవుతుంది.

టెక్నిక్ సంగతి. ఆ డ్రమ్ సౌండ్ పుట్టింది ఈ ఆల్బమ్‌లో కాదు. 1980లో వచ్చిన, జెనెసిస్ మాజీ గాయకుడు పీటర్ గేబ్రియల్ మూడో ఆల్బమ్ రికార్డింగ్‌లో, అదే టౌన్‌హౌస్‌లో, అదే ప్యాడ్జమ్ దగ్గర. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, డ్రమ్స్ మీద కాలిన్స్. సింబల్స్ (కిట్‌లో ఇత్తడి పళ్లేలు) వాడొద్దని గేబ్రియల్ ముందే చెప్పాడు. ఆ స్టూడియోలో కన్సోల్‌కి (శబ్దాలన్నీ కలిపే బల్లకి) ఒక సదుపాయం ఉండేది: లోపలి గదిలో వాయించేవాళ్లు మాట్లాడితే కంట్రోల్ రూమ్‌లో వినపడడానికి పైన ఒక మైకు వేలాడదీసి ఉంచేవారు. ఎవరో మూల నుంచి గొణిగినా వినపడాలి, పక్కనే ఎవరైనా గట్టిగా కొట్టినా స్పీకర్లు పగలకూడదు. అందుకని దానికి చాలా గట్టి కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచి చిన్నవాటిని దగ్గరికి తెచ్చే పరికరం) పెట్టారు. ఒకరోజు ఆ మైకు ఆన్‌లో ఉండగా కాలిన్స్ కిట్ మీద కొట్టాడు. చిన్న శబ్దాలన్నీ పైకి లేచి, పెద్ద శబ్దాలన్నీ నలిగి, గది గదంతా స్పీకర్లోంచి బయటికొచ్చింది. ఆ మైకు మాట్లాడుకోవడానికే గానీ రికార్డింగ్‌కి కాదు, దాన్ని టేపు మీదికి పంపే దారే లేదు. ప్యాడ్జమ్ వైరింగ్ మార్పించి దారి వేయించాడు. దాని మీద నాయిస్ గేట్ (శబ్దం ఒక స్థాయి కన్నా తగ్గగానే మూసేసే పరికరం) పెడితే, పెద్ద గది మోత ఒక్కసారి లేచి, మోత తగ్గేలోపే కత్తిరించినట్టు ఆగిపోతుంది. ఎనభైల పాటల్లో సగం ఈ సౌండే.

ఇది మీరు కూడా చేసుకోవచ్చు, లక్షల సామాను అక్కర్లేదు. కాస్త మోత ఉన్న గది కావాలి. టైల్స్ ఉన్న ఖాళీ హాలైనా చాలు. కిట్‌కి ఆరడుగుల దూరంలో, తల ఎత్తున ఒక మైకు పెట్టండి. దాని ట్రాక్ మీద కంప్రెసర్ 10:1 లేదా అంతకన్నా గట్టిగా పెట్టండి, మీటరు ముల్లు సిగ్గుపడేలా నలగాలి. దాని తర్వాత గేట్ పెట్టి, ఆ గేట్ తెరుచుకునేది ఈ మైకు శబ్దానికి కాకుండా స్నేర్ (కిట్ మధ్యలో ఉండే పదునైన డ్రమ్) దగ్గర పెట్టిన మైకు శబ్దానికి అయ్యేలా సైడ్‌చెయిన్ ఇవ్వండి. హోల్డ్, అంటే గేట్ తెరిచి ఉంచే సమయం, 200 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి పాట వేగాన్ని బట్టి జరపండి. మీ నాలుగో పాట 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) కదా, ఒక బీట్ 667 మిల్లీసెకన్లు, అరబీట్ 333. ఆ అరబీట్ లోపు గేట్ మూసుకుంటే తర్వాతి దెబ్బకి చోటు మిగులుతుంది. సింబల్స్ మాత్రం వాయించకండి. కంప్రెసర్ వాటిని పైకి లాగి చెవుల్లో రంపం పెడుతుంది. గేబ్రియల్ సింబల్స్ వద్దన్నది వేరే ఆలోచనతో, కానీ అది లేకపోతే ఈ సౌండ్ ఇలా బయటపడేది కాదేమో అని నా అనుమానం.

ఇక్కడ ఇంకో డ్రమ్మర్ గురించి చెప్పకపోతే అన్యాయం, ఎందుకంటే ఆయన నేను చెప్పినదానికి పూర్తిగా ఎదురు చేసి గెలిచాడు. డేవ్ గ్రోల్. 1994 ఏప్రిల్‌లో గాయకుడు కర్ట్ కొబేన్ చనిపోయాక, గ్రోల్ డ్రమ్స్ వాయించే నిర్వాణ బ్యాండ్ అయిపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో, సియాటిల్ దగ్గర రాబర్ట్ లాంగ్ స్టూడియోలో, పాత స్నేహితుడు బ్యారెట్ జోన్స్‌ని పెట్టుకుని, వారం తిరక్కుండా పాటలన్నీ రికార్డు చేశాడు. డ్రమ్స్, బేస్, గిటార్లు, గొంతు అన్నీ తనే. ఒక్క పాటలో ఒక్క గిటార్ మాత్రం వేరేవాళ్లది. ముందు డ్రమ్స్ కొట్టేవాడు, పాట మొత్తం తలలో నడుస్తుంటే. తర్వాత పరుగెత్తుకెళ్లి గిటార్ అందుకునేవాడు. ఆల్బమ్ అనుకోలేదు, డెమో అనుకున్నాడు. వంద క్యాసెట్లు చేయించి తెలిసినవాళ్లకి పంచాడు, బ్యాండ్ పేరులా ఉండాలని ఫూ ఫైటర్స్ అని రాయించాడు. ఆ క్యాసెటే మళ్లీ మిక్స్ అయి 1995లో ఆల్బమ్‌గా వచ్చింది.

ఇందులో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. గ్రోల్‌కి అప్పట్లో తన గొంతు మీద నమ్మకం లేదు. అందుకని అదే లైన్‌ని మళ్లీ మళ్లీ పాడి ఒకదాని మీద ఒకటి పేర్చాడు, లోపం కనపడకుండా. ఆ భయమే ఆ ఆల్బమ్ గొంతుకి ఒక ముద్ర అయి కూర్చుంది.

మరి ఆయనకి డ్రమ్స్ ముందు కొడితే ఎందుకు చెల్లింది, మీకెందుకు చెల్లలేదు? గ్రోల్ పాటల్లో చాలావాటిని అప్పటికి ఏళ్ల తరబడి మోస్తున్నాడు. 1992లోనే ‘పాకెట్‌వాచ్’ అని ఒక చిన్న క్యాసెట్ మారుపేరుతో వదిలాడు, అది కూడా దాదాపు ఒంటిచేత్తో చేసిందే. అంటే 1994 నాటికి డెమో దశ ఆయన తలలో ఎప్పుడో అయిపోయింది. ముఖ్యంగా, ఆయన పోల్చుకోడానికి ఇంకో వెర్షన్ లేదు. మీకు ఉంది, దాన్ని వందసార్లు విన్నారు.

దీనికి మా వాళ్లు సరదాగా ‘డెమోయిటిస్’ అని పేరు పెట్టారు. మెడిసిన్‌లో రోగాలకి చివర ఐటిస్ తగిలిస్తారు కదా, అలా. రోజూ వినే డెమోకి చెవి అలవాటుపడిపోతుంది, తప్పులు కూడా ముద్దొస్తాయి, కొత్తది ఎంత బాగున్నా పరాయిదిలా ఉంటుంది. కాబట్టి మీ బాధలో ఎంత నిజమో ఎంత రోగమో ముందు తేల్చుకోవాలి. రెండు వెర్షన్లనీ ఒకే లౌడ్‌నెస్‌కి తీసుకురండి. ఇది చాలామంది చేయరు. మాస్టర్ చేసిన స్టూడియో ట్రాక్ గట్టిగా ఉంటుంది, డెమో మెల్లగా ఉంటుంది, చెవి గట్టిగా ఉన్నదానికి ఓటేస్తుంది, లేకపోతే మొండికేసి రెండోదానికి వేస్తుంది. పది రోజులు రెండూ వినకండి. తర్వాత పేర్లు తీసేసి ఎవరిచేతనైనా పెట్టించుకుని వినండి. అప్పుడు కూడా డెమోయే కావాలనిపిస్తే, అందులో ఏ ట్రాక్ వల్ల అనిపిస్తోందో ఒక్కొక్కటి మ్యూట్ చేసి పట్టుకోండి. “డెమో బాగుంది” అంటే పని జరగదు, “డెమోలో గొంతు బాగుంది, గిటార్ టైమింగ్ బాగుంది, మిగతాది చెత్త” అంటే పని జరుగుతుంది.

నా దగ్గరికొచ్చిన ఆరుగురు డ్రమ్మర్లలో ఒకతను దుప్పటి కప్పుకుని, మంచం మీద కూర్చుని పాడిన డెమో తెచ్చాడు. రెండో చరణంలో వంటింట్లోంచి కుక్కర్ విజిల్. నేను నవ్వాను. మంచి మైకు పెట్టి మూడు రోజులు పాడించాను. ఒక్కో టేక్ ముందటిదానికన్నా శుభ్రంగా, ముందటిదానికన్నా నీరసంగా వచ్చింది. మూడో రోజు సాయంత్రం టీ తాగుతూ అతనే అన్నాడు, “అన్నా, ఆ రోజు మా నాన్నతో గొడవపడి పాడాను, ఇప్పుడు మా మధ్య గొడవ లేదు” అని. అంతే, మైకు విప్పేశాను. డెమో గొంతే పెట్టాం. విజిల్ పదాల మధ్య వచ్చిన చోట కోసేశాం. ఒక పదం కిందికి దూరిన తోక మాత్రం పోలేదు. దాని పక్కన అదే శ్రుతిలో ఒక సింథ్ స్వరం సన్నగా పెట్టాం. ఇప్పటిదాకా ఒక్కరు కూడా అది కుక్కర్ అని కనిపెట్టలేదు.

సినిమా వాళ్లకి ఇది కొత్తేం కాదు. ముందు ట్రాక్ సింగర్‌తో పాడించుకుంటాం, తర్వాత పెద్ద గాయకులు వచ్చి అసలు పాడతారు. ఒక్కోసారి అందరికీ ట్రాకే నచ్చి అదే ఉండిపోతుంది. ఆ అబ్బాయో అమ్మాయో మొదటిసారి థియేటర్లో తమ గొంతు విని ఏడ్చిన సందర్భాలు నాకు తెలుసు. రెండోసారి పాడినవాళ్లు తక్కువ గాయకులని కాదు. ట్రాక్ పాడేవాళ్లకి ఇది ఉంటుందో పోతుందో తెలియదు, ఆ తెలియనితనంలో గొంతు బిగుసుకోదు.

డెమోల విషయంలో నన్ను ఎప్పుడూ వెంటాడే కథ డెన్నిస్ విల్సన్‌ది. బీచ్ బాయ్స్ అనే అమెరికన్ బ్యాండ్ డ్రమ్మర్. ఆ బ్యాండ్ రికార్డుల్లో చాలావాటిలో డ్రమ్స్ వాయించింది హాల్ బ్లేన్ లాంటి స్టూడియో వాయిద్యకారులు. 1971లో గాజుకి తగిలి చేయి బాగా కోసుకున్నాక కొన్నాళ్లు స్టేజీ మీద కూడా కర్రలు పట్టలేకపోయాడు. ఆ మనిషి పియానో ముందు కూర్చుని పాటలు కట్టాడు. 1977లో ‘పసిఫిక్ ఓషన్ బ్లూ’ వచ్చింది, బీచ్ బాయ్స్‌లో సోలో ఆల్బమ్ విడుదల చేసిన మొదటివాడు ఈయనే. రెండో ఆల్బమ్‌కి ‘బంబూ’ అని పేరు పెట్టుకుని మొదలుపెట్టాడు, పూర్తి చేయలేదు. 1983 డిసెంబర్ 28న కాలిఫోర్నియాలో మరీనా డెల్ రే దగ్గర నీళ్లలో మునిగి చనిపోయాడు. టేపులు పాతికేళ్లు అలాగే ఉన్నాయి. 2008లో మొదటి ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేస్తూ ఆ బంబూ పాటల్ని కూడా జతచేశారు.

ఆ మూటలో ‘హోలీ మ్యాన్’ అని ఒక ట్రాక్ ఉంది. సంగీతం పూర్తయింది, డెన్నిస్ గొంతు లేదు. 2008లో దాని మీద పాడింది టేలర్ హాకిన్స్, అంటే గ్రోల్ బ్యాండ్ ఫూ ఫైటర్స్‌లో డ్రమ్మర్. ఒక డ్రమ్మర్ వదిలేసిన పాటకి ఇంకో డ్రమ్మర్ గొంతిచ్చాడు. 2022లో హాకిన్స్ కూడా పోయాడు. గొంతు లేని వెర్షన్ కూడా అందులోనే దొరుకుతుంది, ముందు అది వినండి. గాయకుడి కోసం వదిలిపెట్టిన చోటు చెవికి తెలుస్తూ ఉంటుంది.

ఆ టేపులు దొరికాయి కాబట్టి ఇదంతా మాట్లాడుకుంటున్నాం. మీ డెమోలు ఎక్కడున్నాయి? ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లో, ‘ఫైనల్ 2 కొత్త’ అనే పేరుతోనా? ఈరోజే ఈ పని చేయండి. ప్రతి పాటలో ప్రతి ట్రాక్‌ని విడివిడిగా, సున్నా సెకను నుంచి, వేవ్ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎఫెక్ట్స్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. ఎంపీ3 వద్దు. పాట వేగం, శ్రుతి, శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి దాచారో ఆ లెక్క) ఒక నోట్‌ప్యాడ్ ఫైల్లో రాసి పక్కనే పెట్టండి. శాంపిల్ రేటు అని నొక్కి చెప్తున్నది ఎందుకంటే, ఒక స్టూడియోలో 48 కిలోహెర్ట్జ్‌లో చేసిన ట్రాకుల్ని 44.1 అనుకుని తెరిచి, పాట దాదాపు ఎనిమిది శాతం మెల్లగా, ఒకటిన్నర సెమిటోన్ కిందికి నడుస్తుంటే, గాయకుడికి గొంతు కూర్చుందనుకుని మిరియాల పాలు తెప్పించిన రోజు ఒకటుంది. అసిస్టెంట్ని తిట్టారు గానీ, ఆ ఫైళ్ల మీద రేటు రాయనిది నేనే.

ఇక పాటల సంగతి. స్టూడియోవాళ్లతో మాట్లాడి, మీ డెమో ట్రాకుల్ని వాళ్ల సెషన్‌లోకి తీసుకోమనండి. ఇష్టం ఉండదు కొంతమందికి, “ఇంటి రికార్డింగా, నాయిస్ ఉంటుంది సార్” అంటారు. నాయిస్ ఉంటే ఉండనివ్వండి. క్లిక్‌తో, అంటే వేగం తప్పకుండా కొట్టే టిక్‌టిక్ వింటూ, చేశారు కాబట్టి పని తేలిక. కాలిన్స్ రోజుల్లో టేపు నుంచి టేపుకి కాపీ చేస్తే ప్రతిసారీ కొంత హిస్ (టేపు బుస) అదనంగా చేరేది, అయినా చేశారు. మీకు ఆ బాధ కూడా లేదు. షేకర్ లూప్, గిటార్, డెమో గొంతు అలాగే ఉంచండి. బేస్ కొత్తగా వాయించండి, మీ డెమోలో బేస్ నిజంగానే బాగాలేదు. తర్వాత చివరగా, అన్నీ అయ్యాక, కిట్ దగ్గర కూర్చోండి. హెడ్‌ఫోన్స్‌లో డెమో వింటూ మొదటి టేక్‌లో ఏమీ వాయించకుండా పాట మొత్తం వినండి. ఎక్కడ కర్రలు వాటంతటవే లేస్తాయో అక్కడ వాయించండి, మిగతాచోట చేతులు ఒళ్లో పెట్టుకోండి. స్టూడియోలో ఇప్పటికే వాయించిన డ్రమ్ ట్రాక్ పారేయకండి, రెండో పల్లవి తర్వాతి భాగం పనికొస్తుంది.

కాలిన్స్ కూడా ఈ పద్ధతిని వదల్లేదు. 1993లో ‘బోత్ సైడ్స్’ ఆల్బమ్‌కి మళ్లీ ఇంట్లోనే ఒంటరిగా, ఈసారి పన్నెండు ట్రాకుల మెషీన్ మీద చేసుకుని, వాయిద్యాలన్నీ తనే వాయించాడు. స్టూడియోకి వెళ్లింది ముఖ్యంగా డ్రమ్స్ కోసమే. ఇంట్లో వాయించలేనిది అదొక్కటే కదా.

వినడానికి ఇంకొకటి చెప్తాను. 2016లో ఆయన పాత ఆల్బమ్‌లన్నీ మళ్లీ వేశారు, అట్టమీద అదే పోజులో ఇప్పటి ముసలి ముఖంతో. ‘ఫేస్ వాల్యూ’కి ఇచ్చిన రెండో డిస్కులో కొన్ని డెమోలున్నాయి. అందులో ‘ప్లీజ్ డోంట్ ఆస్క్’, ‘మిస్‌అండర్‌స్టాండింగ్’ జెనెసిస్ వాళ్ల 1980 ఆల్బమ్ ‘డ్యూక్’లోకి వెళ్లిన పాటలు. ఒకే పాట ఒంటరి గదిలో ఎలా ఉంది, బ్యాండ్ చేతిలో పడ్డాక ఎలా అయింది అని పక్కపక్కన వినొచ్చు. అప్పట్లో ఆల్బమ్‌లో చోటు దక్కని ఇంకో ట్యూన్ ఉంది. దాన్నే మూడేళ్ల తర్వాత తీసి మాటలు మార్చి ఒక హాలీవుడ్ సినిమాకి ఇస్తే, ‘అగెయిన్స్ట్ ఆల్ ఆడ్స్’ పేరుతో 1984లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. మీ ఏడు పాటల్లో ఆరోది మీకే నచ్చలేదని రాశారు కదా. దాన్ని కూడా ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి.

డ్రమ్స్ మళ్లీ వాయించాక నాలుగో పాట పంపండి, వింటాను. ఆ ఊపిరి శబ్దం మాత్రం ఈసారి ఎడిటర్ చేతికి అందనివ్వకండి.